కార్డు చేతికొచ్చింది, ఆట ఎక్కడ?

నింటెండో స్విచ్ 2 గేమ్ కన్సోల్ 2025 జూన్ 5న విడుదలై, నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జపాన్‌లో కంపెనీ సొంత స్టోర్ లాటరీ పెడితే దాదాపు 22 లక్షల మంది పోటీపడ్డారు. విడుదలప్పుడు అమెరికాలో ధర 450 డాలర్లు. 2017లో మొదటి స్విచ్ 300కే దొరికింది. మారియో కార్ట్ వరల్డ్ ఆట ఒక్కదానికే 80 డాలర్లు పెట్టాలి. ఈ ధరల మీద రచ్చ బాగానే జరిగింది. అంతకన్నా పెద్ద మార్పు మాత్రం ఆటల డబ్బాలో ఉంది.

ఈ కన్సోల్‌తో పాటే ‘గేమ్ కీ కార్డు’లు వచ్చాయి. చూడటానికి మామూలు కార్ట్రిడ్జే, లోపల ఆట ఉండదు. కన్సోల్‌లో పెడితే ఆట మొత్తం ఇంటర్నెట్ నుంచి దిగాలి. తర్వాత ఆడాలన్నా కార్డు పెట్టి తీరాలి. స్ట్రీట్ ఫైటర్ 6 ఇలాగే వచ్చింది. కన్సోల్‌లో ఉన్న చోటు 256 జీబీ. పెద్ద ఆటలు నాలుగైదు దించితే నిండిపోతుంది. పాత మైక్రో ఎస్‌డీ కార్డుల్లో ఈ ఆటలు దాచుకోవడం కుదరదు, ఎక్స్‌ప్రెస్ రకం కొనాల్సిందే.

కీ కార్డును స్నేహితుడికి ఇవ్వొచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. ఉత్త డౌన్‌లోడ్ కన్నా అది నయమే, కాదనను. పెద్ద కార్ట్రిడ్జ్‌కు ఖర్చెక్కువన్న వాదనలోనూ నిజముంది. కానీ సైబర్‌పంక్ 2077 అంతటి భారీ ఆటను 64 జీబీ కార్ట్రిడ్జ్‌లో పూర్తిగా ఇచ్చారు. అంటే మనసుంటే మార్గముంది.

సర్వర్ మూతపడ్డాక, ఆటను ముందే దించుకోనివారికి ఈ కార్డు ఎందుకూ పనికిరాదు. ఇది ఉత్తుత్తి భయం కాదు. తన పాత కన్సోల్ ‘వీ’ ఆన్‌లైన్ దుకాణాన్ని నింటెండో 2019 జనవరిలో మూసేసింది. 3డీఎస్, వీ యూ దుకాణాల్లో అమ్మకాలు 2023 మార్చిలో ఆగాయి. పుస్తకాలతో పాటు వీడియో గేమ్‌లనూ భద్రపరిచే జపాన్ జాతీయ గ్రంథాలయం కీ కార్డులు తన సేకరణ కిందికి రావని తేల్చింది. ఆట కార్డులోనే లేనప్పుడు ఏం దాస్తుంది? మరో ముప్పై ఏళ్లకు ఈ తరం ఆటలను పరిశోధించేవారికి ఏం మిగులుతుంది?

కన్సోల్‌ను మొదట విడుదల చేసిన దేశాల్లో భారత్ లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్నవారి చేతికి అది దిగుమతిదారుల ద్వారా వచ్చిందే. రేపు డౌన్‌లోడ్ ఆగిపోతే వాళ్లు ఎవరిని నిలదీయాలి?

డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలనే కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. అది సరిపోదు. సర్వర్ ఎన్నేళ్లు నడుపుతారో డబ్బా మీదే రాయాలి. మూసే ముందు పూర్తి ఆటను కొన్నవాళ్ల చేతికి ఇవ్వాలి. పూర్తి ధర తీసుకునే కంపెనీకి అది కనీస బాధ్యత. అంతవరకూ కొనేవాళ్లు డబ్బా ముందు వైపు అడుగున ఉండే డౌన్‌లోడ్ హెచ్చరిక చదవకుండా డబ్బు కట్టొద్దు.