ప్రమాణం ఎవడు చెయ్యాల?

మా కులం తెలుసుకోడానికి ఊరికి ఏ కాయితమూ అక్కర్లేకపోయింది. టీ కొట్టు కాడ వేరే గ్లాసు పెట్టినప్పుడు ఎవడూ సంతకం అడగలేదు. గుడి మెట్ల కాడ ఆగిపొమ్మన్నప్పుడు ఇద్దరు సాక్షుల్ని తెమ్మనలేదు. చచ్చిన గొడ్డుని లాగాలంటే అర్ధరాత్రయినా మా పేటకి దారి తెలిసేది. కాని అదే కులం పేరు మీద ఒక స్కాలర్‌షిప్పు, ఒక హాస్టలు సీటు, ఒక ఉద్యోగం అడిగిన మరుక్షణం మేమెవరిమో ఎవరికీ తెలీదు. అప్పుడు స్టాంపు కాయితం కావాలి. అఫిడవిట్ కావాలి. నోటరీ ముద్ర కావాలి. కుల సర్టిఫికెట్ల మీద 1993లో వచ్చిన 16వ నంబరు చట్టం, ఫలానా కులంవాడినని రుజువు చేసుకునే భారం అడిగినవాడి మీదే పెట్టింది. తరతరాలుగా ఈ కులాన్ని మా నెత్తిన మోపినవాళ్ళ మీద మాత్రం ఏ రుజువు భారమూ లేదు.

దొంగ సర్టిఫికెట్లు ఆపొద్దా అంటారు. ఆపండి. మా వాటా కాజేసినవాళ్ళని పట్టుకుంటే మాకంటే సంతోషించేదెవరు? కాని వాళ్ళ కాయితాలు ఒకసారి చూడండి. ముద్రలన్నీ ఉంటాయి. దొంగకి కాయితం లోటుండదు. లోటు పడేది అసలువాడికే.

ఎందుకు పడుతుందో చెప్తాను. మా పేర్లు మేం రాసుకోలేదు. బడిలో పంతులు రాశాడు, భూమి లెక్కల్లో కరణం రాశాడు, ఓటర్ల జాబితాలో ఇంకెవడో రాశాడు. అప్పన్న అప్పిగాడయ్యాడు. పోలమ్మ పోలి అయింది. పెద్దిళ్ళ పిల్లల పేర్ల వెనక నాయుడో రావో శర్మో వదలకుండా ఎక్కించిన చెయ్యే మా పేర్లకి 'గాడు' తగిలించింది. మా అయ్య పేరు చివర భూమి రికార్డులో 'గాడు' ఉంది. నా స్కూలు రికార్డులో 'అయ్య' ఉంది. రేషను కార్డులో రెండూ లేవు. ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని ప్రమాణపత్రం తెస్తేగాని నాకు ఉద్యోగం ఇవ్వమన్నారు.

జిల్లాలో ఒక కోర్టు బయట, చెట్టు కింద టైపు మిషను. మా అయ్య ఆ రోజు కూలి మానుకొని వచ్చాడు. "ఏటి బాబూ, నానెవుల్నో నాను సెప్తే సాల్దా?" అనడిగాడు. "సాల్దు. కాయితం సెప్పాల" అన్నాడు టైపు కొట్టేవాడు. నోటరీ తలెత్తి చూడలేదు. చదివి వినిపించలేదు. ఇంగ్లీషులో కొట్టిన కాయితం మీద మా అయ్య వేలిముద్ర వేయించి, పక్కన సీలు గుద్దాడు. 'నా ఎదుట ప్రమాణం చేశాడు' అని అందులో ఉంది. మా అయ్య ఏ ప్రమాణమూ చెయ్యలేదు. చెయ్యమని ఎవడూ అడగనే లేదు. రాసినవాడి తప్పుకి రాయించుకున్నవాడు డబ్బిచ్చి వేలిముద్ర వేశాడు, అంతే.

చట్టంలో మంచిమాటలు లేక కాదు. నోటరీల చట్టం 1952లో వచ్చింది, నిబంధనలు 1956లో వచ్చాయి. చేసిన ప్రతి పనీ రిజిస్టరులో ఎక్కించాలి. చదువురానివాడు ప్రమాణం చేస్తుంటే చదివి వినిపించి, అర్థమయిందని తెలుసుకొని, ఆ మాట కూడా కాయితం మీద రాయాలి. ఇదంతా జరిగినట్టే రాసుంటుంది. జరిగిందా అని అడిగేవాడే లేడు.

అదే ముద్ర మా దగ్గర్నుంచి ఏదన్నా లాక్కోవాలంటే ఎంత సులువుగా పడుతుందో! ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అమ్మకం చెల్లదని 1977 నాటి 9వ నంబరు చట్టం చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసులో పని జరగదు గనక నోటరీ అగ్రిమెంటు పుట్టింది. పిల్ల పెళ్ళికో ఆసుపత్రికో చేసిన అప్పు కింద ఒక వేలిముద్ర, ఒక సీలు. ఆ కాయితంతో చట్టం ప్రకారం హక్కు మారదు. నాగలి మాత్రం మారిపోతుంది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, 20 ఏళ్ళు దాటిన అసలు పట్టాదారుకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. ఎప్పుడో వేలిముద్ర వేసి భూమి దిగిపోయినవాడికి అందులో ఏం మిగిలింది? చెల్లని కాయితం మా మీద చెల్లుతుంది. చెల్లవలసిన మాట మా నోట వస్తే చెల్లదు.

కాయితమే అంత గొప్పదయితే లక్ష్మీపేట సంగతి చెప్పండి. వంగర మండలంలో ఉందా ఊరు. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరుకి తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి దగ్గర తగువు. 2012 జూన్ 12న అయిదుగురు దళితుల్ని చంపేశారు. ఆ పొద్దు ఆయుధాలు పట్టుకొచ్చినవాళ్ళని కాయితం చూపించమని ఎవడడిగాడు?

నకళ్ళ మీద ఎవరి సంతకం వాళ్ళే పెట్టుకుంటే చాలని కేంద్ర ప్రభుత్వం 2014లో తన శాఖలకి చెప్పింది. మంచిదే. నకలుకి చాలిన మాట అసలు మనిషికి ఎందుకు చాలదు?

మేం జాలి అడగటం లేదు. 'గాడు' అని రాసిన శాఖే తన ఖర్చుతో, తన మనిషిని మా పేటకి పంపి దిద్దాలి. ప్రమాణం చెయ్యాల్సింది రాసినవాడు. మా ప్రమాణపత్రం తెలుగులో ఉండాలి, గట్టిగా చదవాలి. చదవకుండా సీలు గుద్దినవాడి లైసెన్సు పోవాలి. అప్పటిదాకా స్టాంపు డబ్బులూ, టైపు డబ్బులూ, మా అయ్య పోగొట్టుకున్న కూలీ మీ పద్దులో రాసుకోండి. మేమయితే రాస్తూనే ఉన్నాం.