చూచుట – చూపుట

వేసవి సెలవులు సమీపించుసరికి నరసరావుపేట వంటి పట్టణములలో గూడ విదేశయాత్రల ప్రకటనలు కంటబడుచున్నవి. పది దినములు, ఐదు దేశములు, వేళకు తెలుగు భోజనము, వెంట తెలుగు మాటలాడు నాయకుడు – ఇవి వాని ఆకర్షణలు. ఒకప్పుడు కాశికి పోయి వచ్చుటయే మనవారికి జీవితములోని పెద్ద యాత్ర. నేడు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పిల్లలను దూరదేశములకు పంపి ఒంటరిగా మిగిలిన దంపతులు రోము, ఏథెన్సు, కైరో నగరములను చూచి వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే.

అయినను ఈ సామూహిక యాత్రలను ఎగతాళి చేయువారు లేకపోలేదు. గైడు ఎత్తిన జెండా వెంట గొఱ్ఱెల మందవలె నడుచుట, అరగంటలో వేయేండ్ల చరిత్రను ముగించుట, ఫొటో తీయించుకొని మరల బస్సెక్కుట – ఇదియొక యాత్రయా అని వారి ప్రశ్న. ఆ ఎగతాళిలో నేను పాలుగొనజాలను. భాష తెలియని దేశములో, అరువదియేండ్లు దాటిన వయస్సులో, ఒక సామాన్యుడు ప్రాచీన నగరమును చూడగోరినచో గుంపుతో పోవుట తప్ప వానికి వేరు దారి ఏది?

గుంపుతో పోవుట మనకు క్రొత్తయు గాదు. మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. పదిహేను నెలలు గుంపులోనే నడచిరి. గుంపులోనే భుజించిరి. కాని చూచుట మాత్రము తమ కంటితోనే చూచిరి. మజిలీకి మజిలీకి దూరమెంత, ఊరిలో నీటి వసతి యెట్టిది, జనుల నడవడి యేమి – ఇవన్నియు ఏనాటికానాడు వ్రాసికొని మిత్రులకు తెలియజేసిరి. అందుచేతనే 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' నేటికిని చదువదగిన గ్రంథమై నిలిచినది. కాబట్టి దోషము గుంపులో లేదు. మరి యెందున్నది? ఇది నాకు నా అజ్ఞానము వలననే తెలిసివచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనును అట్టి బృందముతో ఈజిప్టు దేశమునకు పోయితిని. కైరో, లక్సర్ నగరములను చూచి అస్వాను చేరితిమి. ఒకనాడు తెల్లవారకముందే బస్సెక్కి అబూ సింబెల్ పోయితిమి. సుమారు 3,200 ఏండ్ల క్రిందట రెండవ రామ్సెస్ చక్రవర్తి కొండను తొలిపించి కట్టించిన దేవాలయమది. ద్వారమున నాలుగు మహావిగ్రహములు, ఒక్కొక్కటి ఇరువది మీటర్ల యెత్తు. మా గైడు ఒక యువకుడు. అస్వాను ఆనకట్ట వలన ఆ ఆలయము మునిగిపోవలసి యుండగా, ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ పూనికతో 1964 నుండి 1968 వరకు దానిని వేయికి పైగా దిమ్మలుగా కోసి, సుమారు 65 మీటర్లు పైకి చేర్చి మరల నిలిపిన కథను అతడు తన యింటి కథవలె చెప్పెను. పిమ్మట మావైపు తిరిగి, మీ దేశములోను పెద్ద ఆనకట్టలు కట్టిరి గదా, అచ్చటి పాతనగరములు ఏమైనవి అని అడిగెను.

మాలో ఒకరు వెంటనే, "మావైపు అలాంటివేమీ లేవండీ" అని బదులు చెప్పిరి. ఆయన మాచర్లవారు. ఆయన ప్రక్కనే నిలిచియున్న నేను, ముప్పదియేండ్లు తెలుగు పాఠములు చెప్పినవాడను, ఆ మాటను సవరింపలేదు. నాగార్జునకొండ పేరు నాకు తెలియక కాదు. ఆ పేరునకు తరువాతి వాక్యము తెలియకపోయెను. ఏమి మునిగినది, ఏమి మిగిలినది, ఎవరు తరలించిరి అని అతడు మరల అడిగినచో చెప్పుటకు నాకడ ఏమియు లేదు. పాఠశాలనాటి విహారయాత్రలో ఒకసారి అచ్చటికి పోయితిని. లాంచీ ప్రయాణమును, పొట్లములోని పులిహోరయు తప్ప తక్కినదేదియు జ్ఞాపకము లేదు.

తిరిగి వచ్చిన పిమ్మట తెలిసికొన్న సంగతులు ఇవి. క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి మన పల్నాటి కృష్ణాతీరమున వెలసినది. దాని శిథిలములు 1926లో లోకమునకు తెలిసినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి, 1954 నుండి 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున పురావస్తు శాఖవారు విరివిగా త్రవ్వకములు జరిపిరి. అబూ సింబెల్‌లో రాతిపై రంపము పడుటకు నాలుగేండ్ల ముందే ఇచ్చటి త్రవ్వకములు ముగిసినవి. ముఖ్యమైన తొమ్మిది కట్టడములను కొండపైకి చేర్చి మరల కట్టిరి. మరికొన్నిటికి నమూనాలు నిర్మించిరి. మెట్లవరుసల ఆసనములు గల రంగస్థలమును అనుపువద్ద నిలిపిరి. కొండ నేడు ద్వీపమైనది. దానిపై ప్రదర్శనశాల యున్నది. ఈ పని యంతయు మాచర్లకు కూతవేటు దూరమున జరిగినది.

ఇంకొక సంగతి. బోధిసిరి యను ఉపాసిక వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున సింహళ భిక్షువుల కొరకు ఇచ్చట ఒక చైత్యగృహమును కట్టించెను. ఆమె శాసనములో కాశ్మీర, గాంధార, చీన, వంగ, వనవాసి, యవన దేశముల పేర్లున్నవి. ఈ త్రవ్వకములలో రోము చక్రవర్తుల బంగారు నాణెములును దొరికినవి. మనము రోమునకు విమానములో పోవుటకు చాల ముందే రోము నాణెము పల్నాటికి వచ్చినది.

ఇంటిని చూడక పరదేశమునకు పోరాదని నా వాదము గాదు. అబూ సింబెల్ చూడకపోయినచో నేను మరల నాగార్జునకొండకు పోయెడివాడనే కాదు. దూరపు వస్తువు దగ్గరి వస్తువును చూపుట కూడ కలదు. నా వాదము వేరొకటి. మనకు ఎల్లప్పుడును చూపించుకొనుటయే అలవాటు. చూపుట అలవాటు లేదు. చూపువాడు ముందుగా తెలిసికొనవలెను. వేయి సంగతులలో చెప్పదగిన పది ఏరుకొనవలెను. ప్రశ్నకు సిద్ధపడవలెను. తెలియనిది తెలియదనుట నేర్వవలెను. ఒక్కసారి తన ఊరిని పరులకు చూపినవాడు పరుల ఊరిని ఊరక చూడడు. గైడు చెప్పుదానిలో ఏది చరిత్రయో, ఏది కథయో వానికి వెంటనే పొడకట్టును.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. విహారయాత్రలో పిల్లలను వరుసలో నడిపించి మనమే ఉపన్యసించుట మానుదము. పదవ తరగతి విద్యార్థులే గైడులు కావలెను. ఒకడు బోధిసిరి శాసనమును, ఒకతె అనుపు రంగస్థలమును, ఇంకొకడు కారెంపూడి వీరుల గుడిని, వేరొకతె మాచర్ల చెన్నకేశవాలయమును చదివి వచ్చి తక్కినవారికి చూపవలెను. వారు శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రను చెప్పునప్పుడు, కావ్యము చెప్పినదేది, శాసనము చెప్పినదేది అని విడదీసి చెప్పుట నేర్పవలెను. శాసనములలో కనబడు పేర్లు విజయపురి, శ్రీపర్వతము. నాగార్జునకొండ యను పేరు తరువాత వచ్చినది. ఈ ఒక్క భేదమును విద్యార్థి స్వయముగా గ్రహించినచో అది ఒక మంచి పాఠముతో సమానము.

పరీక్షల ఒత్తిడి, బస్సు ఖర్చు అడ్డు గదా అని కొందరనవచ్చును. అది నిజమే. కాని దీనికి బస్సే యక్కరలేదు. ఊరి గుడి ముందటి శాసనపు రాయి, పొలిమేరలోని వీరగల్లు చాలును. ఏడాదికి ఒక్క దినము, ఒక్క రాయి. ఆ రాతి ముందు నిలిచి ఒక బాలుడు పది నిమిషములు మాటలాడవలెను, ఇతరులు ప్రశ్నింపవలెను. మార్కులు లేకపోయినను నష్టము లేదు.

విదేశయాత్రకు పోవు పెద్దలకును ఇదే మాట. చూడబోవు నగరములలో ఒక్కదానిని గూర్చియైనను ముందుగా చదువుడు. ఒక్క ప్రశ్నను వెంట తీసికొనిపొండు. గైడును అడుగుడు, రాత్రి బసలో నాలుగు వాక్యములు వ్రాసికొనుడు. తిరిగి వచ్చిన పిమ్మట మీ ఊరి పాఠశాలకు పోయి, ఫొటోలే గాక, ఆ నాలుగు వాక్యములను పిల్లలకు వినిపింపుడు. మీ గైడు మీ ఊరిని గూర్చి అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సిద్ధముగా నుండుట గూడ ప్రయాణ సన్నాహములో భాగమే.

మొన్న విజయపురి సౌత్ నుండి లాంచీలో పోవుచుండగా ఒక చిన్నవాడు రెయిలింగు పట్టుకొని, "నీళ్ళకింద ఏముంది నాన్నా?" అని తండ్రిని అడిగెను. తండ్రి నవ్వి ఊరకుండెను. ఈసారి నేను ఊరకుండలేదు. లాంచీ కొండను చేరువరకు ఆ బాలునికి చెప్పుచునే యుంటిని. తండ్రియు వినెను.