మొదటి బోర్డుకే రేసు మోజా?

దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో 2018 ఫిబ్రవరిలో చెక్ క్రీడాకారిణి ఎస్తర్ లెడెట్స్కా స్కీల మీద సూపర్-జీ స్వర్ణం గెలిచింది. వారం తిరిగేసరికి స్నోబోర్డు మీద పారలల్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్వర్ణమే. ఆమె వాడినలాంటి సన్నటి, బిరుసైన ఆల్పైన్ బోర్డు మీద మనసు పడటం సహజం. చిక్కల్లా మొదటి బోర్డుగా దాన్నే కొనడంతోనే.

జెయింట్ స్లాలమ్ రేసు బోర్డు పొడవు దాదాపు 180 సెంటీమీటర్లు. అంచు వంపు వ్యాసార్థం (సైడ్‌కట్) కూడా ఎక్కువే. వేగం లేనిదే అది తిరగదు. వేగం అందుకున్నాక కొత్తవాళ్ల మాట వినదు. పాతది చవగ్గా దొరికిందని కొంటే మూల్యం చెల్లించేది మోకాళ్లే.

తొలి అడుగుకు 10-13 మీటర్ల సైడ్‌కట్, 160-170 సెంటీమీటర్ల పొడవు చాలు. బిరుసుదనం మనిషి బరువుకు తగ్గట్టుండాలి. నడుము వెడల్పు పాదాన్ని బట్టి ఎంచుకోవాలి. బోర్డు మరీ సన్ననిదైతే బైండింగ్‌లను బాగా ముందుకు తిప్పక తప్పదు. లేదంటే అంచు దాటిన బూటు మలుపులో మంచుకు తగిలి మనిషిని పడేస్తుంది. అందుకే డబ్బు ముందు వెచ్చించాల్సింది కాలికి సరిగ్గా అమరే గట్టి బూట్లకే.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ జారతారన్నది. ఈ బోర్డు యంత్రాలతో చదును చేసిన గట్టి వాలుల కోసం పుట్టింది. గుల్మార్గ్‌కు పేరు తెచ్చింది లోతైన పొడి మంచు. అందులో సన్నటి బోర్డు కూరుకుపోతుంది. అక్కడికే వెళ్లేవారికి మామూలు వెడల్పాటి బోర్డే మేలు.