చేరిన దెంత? వెడలిన దెంత?



ధాన్యము కాటా దిగిన పిమ్మట 'తరుగు' అను మాట వినని రైతు మనలో లేడు. ఆ తరుగు న్యాయమైనదా, కాదా యని యడిగినచో నిశ్చయముగా జవాబు చెప్పగలవాడును అరుదు. మన చేత కాగితము లేకపోవుటయే దీనికి కారణము.

కళ్ళము, సంఘపు కాటా, లారీ, మిల్లు - ధాన్యమునకు ఇవి నాలుగు మజిలీలు. ప్రతి మజిలీయందును రెండంకెలు వ్రాయవలెను: చేరిన దెంత, వెడలిన దెంత. ఒకచోట వెడలిన అంకెయే తరువాతిచోట చేరిన అంకె కావలెను. ఎచ్చట ఈ రెండును సరిపడవో అచ్చటనే విచారింపవలెను.

బరువొక్కటియే చాలదు, తేమయు వ్రాయవలెను. నూటికి 20 పాళ్ళు తేమగల 100 కిలోల ధాన్యమును 14 పాళ్ళకు ఆరబెట్టినచో సుమారు 93 కిలోలు మిగులును. ఆ 7 కిలోలు ఎవరును అపహరించినవి కావు, ఎండ త్రాగినది. కాని ప్రభుత్వపు కొనుగోలునకు హద్దయిన 17 పాళ్ళకు లోబడిన ధాన్యమునకు మరల తేమ పేరు చెప్పి బస్తాకు ఇంత యని కోసినచో, అది ఎండ చేసిన పని కాదు. ఈ భేదమును తేమ వ్రాసియుంచినవాడే చూపగలడు.

మిల్లునందును ఇదే న్యాయము. 100 కిలోల ధాన్యమునకు 67 కిలోల పచ్చిబియ్యము ఇయ్యవలెనని ప్రభుత్వ నియమము. తక్కినదానిలో ముఖ్యమైనవి ఊక, తవుడు. తవుటినుండి నూనె తీయుదురు. ఊక బాయిలరులో మండును. వీనికిని వెల కలదు. సంఘము స్వయముగా ధాన్యము మర పట్టించినప్పుడు తవుటి వెల జమలో కానరాకున్నచో, అది ఎవరి సంచిలో చేరినట్లు?

"వ్రాయుటకు తీరిక యేది?" అని కొంద రందురు. నాలుగు మాసములు చేనికి కావలి కాచినవానికి నాలుగు నిమిషములు కరవా? 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు అమర్చు పథకమును ఆమోదించినది. సంతోషమే. కాని యంత్రము మనము వ్రాసిన అంకెనే చూపును. వ్రాయనిదానిని ఊహించి చెప్పజాలదు.

కావున ప్రతి కాటా చీటీయు రెండు ప్రతులుగా వ్రాయించి, బరువు, తేమ, తేదీ గుర్తించి, ఇరువురు సంతకములు చేసి, ఒకటి రైతునకు ఇయ్యవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలెను. చీటీ లేనిదే బస్తా కదలరాదు. నిజాయితీగల కార్యదర్శికిని, మిల్లరునకును ఇది రక్షణయే గాని అవమానము కాదు.