మన బండి: పాత జీపుకి కొత్త బ్రేకులు

మంచు కరిగి నాలుగు రోజులు ఎండ కాసేసరికి మన సభ్యుల ఇళ్ళ ముందు కార్ల కిందనుంచి కాళ్ళు కనబడడం మొదలవుతుంది. అందుకని యీ నెల బ్రేకుల సంగతి ఎత్తుకున్నాము.

మన ఇళ్ళలో పాత ఎస్.యు.వి. ఒక పట్టాన అమ్ముడుపోదు. పదహారేళ్ళు నిండి లైసెన్సు చేతికొచ్చిన అమ్మాయికో అబ్బాయికో అది దక్కుతుంది. "దిట్టమైన బండి, పిల్లలకి భయం లేదు" అని మన ధైర్యం. ఐతే ఆ బరువంతా ఆపవలసినవి బ్రేకులే కదా! గంటకి 30 మైళ్ళ మీద ఆపేటప్పటికంటె 60 మైళ్ళ మీద ఆపేటప్పుడు వాటి మీద పడే పని నాలుగు రెట్లు.

ఉదాహరణకి జీపు చెరోకీ తీసుకుందాము. 1984 నుంచి 2001 దాకా యీ దేశంలో అమ్మిన ఆ చదరపు బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఉత్సాహవంతులు పాత గ్రాండ్ చెరోకీనుంచి డిస్కులు తెచ్చి వెనక బిగిస్తారు. మంచిదే. డిస్కు తడిసినా త్వరగా ఆరుతుంది, పాడ్లు మార్చడమూ తేలిక. కాని ముందు వెనకలకి ఒత్తిడి పంచే ప్రపోర్షనింగ్ వాల్వు, పార్కింగ్ బ్రేకు కేబులు కూడా వాటికి సరిపడాలి. లేకుంటే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి పక్కకి తిరిగిపోతుంది.

ఇంత ఖర్చుకి ముందు బండి కింద దూరి ఇనుప గొట్టాలు చూడమని మా మనవి. మంచు దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు వాటిని తినేస్తుంది. 2007, అంతకు ముందు మోడలు బండ్లున్నవారు బ్రేకు గొట్టాలు పరీక్ష చేయించుకోవాలని 2015లో అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. ఏడెనిమిది చలికాలాలు ఉప్పులో తిరిగితే చాలునట! గట్టిగా తొక్కినప్పుడు గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటుతుంది. తుప్పు పట్టిన చోటు సరిగ్గా అప్పుడే పగులుతుంది. పొలుసులు లేచినా, చెమ్మ కనిపించినా గొట్టం మొత్తం మార్చాలి. నికెలు కలిసిన రాగి గొట్టం తుప్పు పట్టదు, వంచడమూ సులువు. పాడైన ముక్క కోసి కంప్రెషన్ ఫిట్టింగుతో అతికే పని మాత్రం వద్దు. అది నీళ్ళ పంపులకి సరిపోవచ్చు గాని బ్రేకులకి పనికిరాదు.

తరువాత చక్రాల దగ్గరి రబ్బరు హోసులు. బీటలిచ్చినా, ఉబ్బినా మార్చవలసిందే. బ్రేకు ఫ్లూయిడు గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగకూడదని నియమం, తేమ పట్టిన దానికి ఆ హద్దు 140 మాత్రమే. కొండ దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడలు నేల తాకుతుంది. రెండు మూడేళ్ళకొకసారి మార్చండి. డాట్ 5 సిలికోను రకం, దాన్ని మిగతావాటితో కలపరాదు.

ఇక పాడ్లు 3 మిల్లీమీటర్లకి అరిగాయంటే మార్చండి. రోటరు మీద కనీస మందం ముద్రించి వుంటుంది. అంతకు తగ్గితే అది పారవేయవలసినదే. పాత బ్రేకు ధూళిలో రాతినార వుండవచ్చు గనుక గాలి కొట్టి ఊదకండి, తడిపి తుడవండి. కేవలం జాకీని నమ్మి బండి కింద దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.

పిల్లల చేతికి తాళం ఇచ్చే ముందు ఇంజను నడుస్తుండగా పెడలు గట్టిగా తొక్కి అర నిమిషం పట్టి వుంచండి. ఇంజను పెట్టగానే కాస్త దిగడం మామూలే. తరువాత కూడా మెల్లగా కిందికి జారుతూ పోతుంటే ఆ రోజు బండి వాకిట్లోనే వుండాలి. పిల్లలు బస్సులో వెళతారు.