కంచ ఎవరిది? బయలు ఎవరిది?

మా ఊరి పేరు పెదబయలు. బయలు అంటే అడ్డూ ఆపూ లేని జాగా. హైదరాబాద్ శివారులో ఇంకో ఊరుంది, కంచ గచ్చిబౌలి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే బీడు. రెండు పేర్లూ చెప్పేది ఒకటే. ఈ నేల ఒక్కడిది కాదు, ఊరందరిది. మరి ఊరందరి నేలను ఏం చేయాలో తేల్చేది ఎవరు?

2025 మార్చి 30. ఉగాది పండుగ. ఆ రోజే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు ఎత్తి వ్యాన్లలో పడేశారు. వరుస సెలవులు చూసుకుని చెట్లు నరికారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా యంత్రాలు ఆగలేదు. అప్పటికే దాదాపు వంద ఎకరాల పచ్చదనం నేలకూలింది.

ఆ నేల చరిత్ర ఉద్యమకారులందరికీ తెలిసి ఉండాలి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులో భాగంగా 1974లో ఆ యూనివర్సిటీ పుట్టింది. అంటే అది జనం రోడ్డెక్కితే వచ్చిన చదువుల నేల. ఆ నేలలోంచి 2003లో 400 ఎకరాలు ఒక క్రీడా సంస్థకు రాసిచ్చారు. 2006లో రద్దు చేశారు. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచిన కేసు 2024లో ప్రభుత్వం గెలిచింది. గెలిచిన ఏడాది లోపే వేలం మాట ఎత్తింది! ఇరవై ఏళ్ళలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది. కానీ 'ఈ నేలను ఏం చేద్దాం?' అని జనాన్ని అడిగిన పాలకుడు ఒక్కడూ లేడు.

అంతకన్నా విచిత్రం ఆ తర్వాత జరిగింది. గొడవ ముదిరాక, రెండు వేల ఎకరాల ఎకో పార్కు పెడతారని, యూనివర్సిటీనే వేరే చోటికి తరలిస్తారని వార్తలు వచ్చాయి. విద్యార్థులు దానికీ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవాలి? అక్కడి నెమళ్ళనూ, చుక్కల దుప్పులనూ, నక్షత్ర తాబేళ్ళనూ ఏళ్ళ తరబడి చూసి రాసుకున్నది వాళ్ళు. చెట్టు కొట్టేటప్పుడు అడగలేదు. పార్కు గీసేటప్పుడూ అడగలేదు. అడగకుండా ఇచ్చే పార్కు కూడా ఆక్రమణే.

"అది ప్రభుత్వ భూమి, ప్రభుత్వం ఇష్టం" అంటారు కొందరు. దీనికి జవాబు మా మన్యంలోనే ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ, ప్రైవేటు కంపెనీలకూ లీజుకు ఇవ్వడం చెల్లదన్నారు. 1/70 చట్టంలోని 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వమూ వస్తుందన్నారు. ఆ తీర్పు మైదానానికి వర్తించదు, నిజమే. అందులోని నీతి మాత్రం అందరిదీ. ప్రభుత్వ భూమి అంటే మంత్రివర్గం అబ్బ సొత్తు కాదు.

1996 పీసా చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. పంచాయతీ చేపట్టే అభివృద్ధి పథకాలను ముందుగా గ్రామసభ ఆమోదించాలి. భూసేకరణకు ముందు సంప్రదించాలి. అయితే మా కొండల్లో అంతా సవ్యంగా ఉందని గొప్పలు చెప్పను. తీర్మానం ముందే రాసి తెచ్చి, వేలిముద్రలు వేయించుకుని పోయిన గ్రామసభను నేను కళ్ళారా చూశాను. అయినా నిలదీయడానికి మాకు చేతిలో ఒక చట్టం ఉంది. నగరవాసికి ఏముంది? మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో మీలో ఎంతమందికి తెలుసు?

ఇది కుదరని పని కాదు. బెర్లిన్ నగరంలో టెంపుల్‌హాఫ్ విమానాశ్రయం 2008లో మూతపడింది. ఆ మైదానం అంచుల్లో భవనాలు కడతామని అక్కడి ప్రభుత్వం అంది. 2014లో నగర జనం ఓటేసి వద్దన్నారు. ఆ తర్వాత మైదానాన్ని ఎలా చూసుకోవాలో జనంతో కూర్చుని రాశారు. మన దగ్గర జనం చదువుకోలేదు, తెలియదు అంటారు. ఏ చెలమలో ఎండాకాలం నీళ్ళుంటాయో, ఏ దారిన పశువులు వెళతాయో ఆఫీసులో గీత గీసే వాడికి తెలుసా, ఆ నేల మీద నడిచే వాడికి తెలుసా?

అందుకే అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. ఉమ్మడి భూమిలో పార్కు గానీ, ఇంకేదైనా గానీ పెట్టాలంటే, టెండరుకు ముందే సర్వే నంబరుతో సహా పటం తెలుగులో గోడకెక్కాలి. ఇప్పుడు ఆ నేలను వాడుకుంటున్న వాళ్ళ జాబితా రాయాలి. పశువుల కాపరి, తోపుడు బండి మనిషి, సాయంత్రం నడిచే ముసలాయన, బంతాట ఆడే పిల్లలు అందులో ఉండాలి. సభ ఆ నేల మీదే జరగాలి. ఆ సభ వద్దంటే ఆగాలి. పార్కు అయ్యాక గేటు టిక్కెట్టు పేదవాడిని బయట నిలబెట్టకూడదు.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఊరేగింపుల్లో మీతో నడిచిన వాడిగా ఒక్క మాట. 2014లో తెలంగాణ వచ్చింది. పదకొండేళ్ళకు ఆ రాష్ట్ర విద్యార్థులే తమ రాష్ట్ర బుల్డోజర్లకు ఎదురు నిలబడాల్సి వచ్చింది. జెండా మారినంత మాత్రాన నేల మీద మాట జనానికి రాదు. రాష్ట్రం అడిగే గొంతుతోనే ఈ హక్కునూ అడగాలి. రాష్ట్రం వచ్చాక చూద్దాంలే అంటే, అప్పటికి చూడటానికి కంచా మిగలదు, బయలూ మిగలదు.