ముద్ద నోటికి, మోత చెవికి

హోటల్లో పాట వద్దనే ఛాందసురాలిని కాను. చిట్టిబాబుగారు వీణ మీద పలికించిన కోయిల సన్నగా వినబడుతూంటే పెసరట్టు ఇంకోటి లాగించగలను. నా తగాదా పాటతో కాదు, పెట్టెతో.

అమలాపురంలో చూడండి, రాజోలులో చూడండి, ఎనిమిది బల్లల హోటలుకి నిలువెత్తు సౌండు బాక్సు! గల్లాపెట్టె పక్కన ద్వారపాలకుడిలా నిలబడి ఉంటుంది. ఇంతది ఎందుకు బాబూ అని ఒకాయన్ని అడిగాను.

"ఆయ్, అయిదొందల వాట్లండి. చివరి బల్లక్కూడా వినబడాలి కదండీ" అన్నాడు.

చివరి బల్లకి వినబడాలని మొదటి బల్లవాడి చెవులు చిల్లులు పొడుస్తారా, మీరే చెప్పండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే పదింతల వాట్లు పొయ్యాలి. నెమ్మదైన పాటకి ఒకటి రెండు వాట్లు చాలు. ఆ డబ్బుతో చిన్న స్పీకర్లు నాలుగు కొని బల్లల పైన కప్పుకి బిగిస్తే, ఎవరి పాట వాళ్ళకి దగ్గర్లోనే ఉంటుంది. 100 వోల్టుల లైను యాంప్లిఫైయరు తీసుకుంటే ఒక్కో స్పీకరునీ రెండు వాట్లకో, అయిదు వాట్లకో విడిగా పెట్టుకోవచ్చు. అన్నీ కలిపి యాంప్లిఫైయరు శక్తిని మించకూడదు, అంతే.

అసలు గొడవ గోడలది. కింద గ్రానైటు, చుట్టూ టైల్సు, ఎదురుగా అద్దం. శబ్దానికి దాక్కునే చోటు లేదు. మోతలో మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే చెప్పాడు. జనం గొంతు పెంచారని యజమాని పాట పెంచుతాడు, పాట పెరిగిందని జనం ఇంకాస్త అరుస్తారు. కొబ్బరి పీచు గుట్టలు పడి ఉండే సీమలో ఉంటూ, గోడకి రెండంగుళాల ఎడం వదిలి నాలుగు మందపాటి పీచు పలకలు బిగించాలని ఒక్కరికీ తోచదేం? (వంటింటి పొయ్యికి దూరంగానే సుమండీ!)

వయసు మళ్ళిన చెవికి ముందు దూరమయ్యేవి సన్నని ధ్వనులు. మాటలో హల్లులు తెలిసేది చాలావరకు వాటి వల్లనే. ఆ మిగిలిన కాస్తనీ బాక్సు డమడమలు మింగేస్తాయి. మా మేనత్త, వడ్డించే కుర్రాడు ఏమడిగినా తల ఊపేసేది. వద్దనుకున్న చారు విస్తట్లో పడేది, కావాలనుకున్న ముక్కల పులుసు రానేరాదు. పెళ్ళిపందిట్లో పదిమందిని పలకరిస్తూ తిన్న మనిషి, ఆ హాల్లో గోడ వంక చూస్తూ తిని లేచింది. ఇంకాస్త వేసుకోండని బతిమాలి పెట్టే గోదావరి మర్యాద వినబడకపోతే ఇక దేనికండీ?

ఇంతకీ కొనేముందు కొట్టువాణ్ణి వాట్లెన్ని అని అడగడం మానండి. పెట్టె ఓ పూట తెచ్చి, హాలు నిండా జనం ఉండగా పెట్టించండి. వడ్డించే కుర్రాడు చివరి బల్ల దగ్గర మామూలు గొంతుతో "పెరుగా, మజ్జిగా అండి?" అంటే డెబ్భై ఏళ్ళ పెద్దావిడ "మజ్జిగ నాయనా" అనాలి. తల ఊపిందా, పెట్టె వెనక్కి పంపెయ్యండి.